గోరువెచ్చని నీళ్లు

“నీళ్లల్ల ఏం కలిపినవ్? సెప్పు.”

బాలవ్వ ఈ మాట అడగడం ఇది మూడోసారి. మొదటిసారి అరిచింది. రెండోసారి ఏడ్చింది. మూడోసారికి రెండింటికీ ఓపిక లేక గోడకు చేరగిలబడి, కోడలి ముఖంలోకి చూస్తూ మామూలుగా అడిగింది. అదే ఎక్కువ గుచ్చుకుంది.

“ఏం కలపలేదత్తమ్మా,” అంది రజిని. “నిన్న నేను తొట్టి దిక్కే పోలే.”

“గదే అంటున్న. పెండ్లయిన కాన్నుంచి దినాం పోయేదానివి, నిన్ననే ఎందుకు పోలె?”

రజిని చేతిలో దువ్వెన అలాగే ఉండిపోయింది. ఏడున్నర బస్సు అందకపోతే నిజామాబాద్‌లో ఆస్పత్రి ల్యాబుకు ఆలస్యమవుతుంది. ఆ సంగతి ఈ ఇంట్లో ఇప్పుడు ఎవరికీ పట్టదు.

ముందు గదిలో పెద్ద అద్దాల తొట్టి దగ్గర మామ హనోకు నిలబడి ఉన్నాడు. మోచేతుల దాకా తడి. నిన్న సాయంత్రం వరకు పళ్లేల్లా గుండ్రంగా, నిటారుగా, ఎవరినీ లెక్కచేయనట్టు తిరిగిన నాలుగు డిస్కస్ చేపలు ఈ ఉదయం నీటి మీద పక్కకు వాలి తేలాయి. హనోకు ఒక్కొక్కదాన్ని రెండు అరచేతుల మీదికి తీసుకుని, నేల మీద పరిచిన పాత పేపర్ మీద పెడుతున్నాడు. రెండు ఎర్రవి. ఒకటి నీలం. ఒకటి తెల్లటి ఒంటి మీద పగడాలు చల్లినట్టుండేది.

“నోర్లు తెరుసుకొని సచ్చినయి,” అన్నాడు. తెల్లారినప్పటి నుంచి అతను మాట్లాడిన మొదటి మాట అది. ఎవరితోనూ అనలేదు. చేపలతో అన్నట్టుంది.

“తెరవక ఏం జేస్తయి?” బాలవ్వ అందుకుంది. “మొన్న మాపటికి గీ ఇంట్ల ఒకరు నోరు తెరిసిండ్రు కదా. చేపలన్న సావాలె, నేనన్న సావాలె అని. దేవుడు ఇన్నడు.”

ఆ మాట అన్నది నిజమే. మొన్న బస్సులో ముప్పావు గంట నిలబడి వచ్చి, చెప్పులైనా విప్పకముందే ‘డ్రమ్ము నింపలే, నీళ్లు కాగబెట్టలే’ అని అత్త మొదలుపెడితే రజినికి ఒళ్లు మండింది. రెండేళ్లుగా రోజూ అదే పని. ఇరవై లీటర్ల ఫిల్టర్ నీళ్ల క్యాన్లు మోయడం, బోరు నీళ్లు కలపడం, ఒక గంజు గిన్నెడు నీళ్లు కాగబెట్టి డ్రమ్ములో పోయడం, గోరువెచ్చన చేసి తొట్టిలో సగం నీళ్లు మార్చడం. మేక గుండెకాయ, రొయ్యలు, పాలకూర కలిపి రుబ్బి, పలకలుగా ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, రోజుకు నాలుగుసార్లు ముక్కలు విరిచి వేయడం. మొన్న నోరు జారింది. నిన్న మొదటిసారిగా బకెట్ ముట్టుకోలేదు. మామే అంతా చేసుకున్నాడు.

ఈ ఉదయానికి నాలుగూ చచ్చాయి.

“జర ఇటు రా,” అన్నాడు భర్త రాజ్ కిరణ్. వంటింట్లోకి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేశాడు. రైస్ మిల్లులో మోటార్లు బాగుచేసే మనిషి. ఏది చెడిపోయినా ముందు మెల్లగా తట్టి చూస్తాడు. భార్యనూ అలాగే తట్టాడు.

“నిజం చెప్పు రజినీ. నేను బాపుకు చెప్ప. కోపంల ఏమన్న పోసినవా? ఫినాయిలో, సర్ఫో...”

ఆమె అతని వైపు చూసింది.

“నేను పోయాల్నంటే పెద్ద తొట్టిల ఎందుకు పోస్త?” అంది. “చిన్న తొట్టిల పోస్తుంటి. జంట చేపలు గూడ పోతుండె, వాటి పిల్లలు గూడ పోతుండె. ఒక్కసారే పీడ పోతుండె. ల్యాబ్‌ల పని చేసేదాన్ని, నాకు గంత తెల్వదా?”

“ఏం మాటలే అవి!”

“నువ్వు అడిగింది ఏం మాట మరి?”

తలుపు కదిలింది. హనోకు బయట నిలబడి ఉన్నాడు. చేతిలో చేపలు చుట్టిన పేపర్ మూట. అంతా విన్నాడని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

“ఇయ్యాల్టి సంది,” అన్నాడు మెల్లగా, “నువ్వు ఆ చిన్న తొట్టి దిక్కు రావద్దు. నీళ్లు నేనే కలుపుకుంట. మేత నేనే ఏసుకుంట. నీ నీడ గూడ దాని మీద పడొద్దు.”

“మామా, నేను కోపంల అన్న...”

అతను అప్పటికే పెరట్లోకి వెళ్లిపోయాడు. గడ్డపారతో నేల తవ్వుతున్న చప్పుడు వినిపించింది.

రజిని ముందు గదిలోకి వచ్చి సంచి భుజాన వేసుకుంది. తలుపు పక్కనే చిన్న తొట్టి. మూడు గజాల దూరం నుంచే చూసింది. తల్లి చేప ఒంటికి రెండు వైపులా, తోక మొలిచిన ఆవగింజల్లా పిల్లలు అతుక్కుని ఉన్నాయి. ఆరు రోజుల పిల్లలు. ఈ వయసులో వేరే మేత వేస్తే తినవు. తల్లిదండ్రుల ఒంటి మీద ఊరే జిగటే వాటికి పాలు. తల్లికి విసుగొస్తే ఒళ్లు ఒక్క విదిలింపు విదిలిస్తుంది. పిల్లల గుంపంతా తండ్రి మీదికి మారుతుంది.

రజినికి ఒక్కోసారి ఆ తల్లి చేపను చూస్తే నవ్వొచ్చేది. విదిలించుకునే వీలు దానికైనా ఉంది.

ఈ జంట ఎనిమిదిసార్లు గుడ్లు పెట్టి ఎనిమిదిసార్లూ తినేసింది. ఇది తొమ్మిదోసారి. హనోకు పది రోజులుగా ఆ తొట్టి ముందే చాప వేసుకుని పడుకుంటున్నాడు. గుడ్లు పెట్టినప్పటి నుంచి దాని నీళ్లు కదిలించలేదు. ఇవాళ సాయంత్రం ఐదు గంటలకు మొదటిసారి కొత్త నీళ్లు పోయాలి.

*

బస్సు ఎడపల్లి దాటాక సీటు దొరికింది. రజిని ఫోన్ తీసి అఖిలేష్‌కు చేసింది. నిజామాబాద్‌లో అక్వేరియం దుకాణం అతనిది. హనోకు చేపలన్నీ అక్కడివే.

“నాలుగా!” అతని గొంతులో నిద్రమత్తు వదిలింది. “అక్కా, నోర్లు తెరిచి ఉండెనా? మొప్పలు?”

“విచ్చుకొని ఉండె.”

“అయితే మందు గిట్ల పడలే. మందు పడ్తే రంగు నల్లగైతది, జిగట పొరలు పొరలుగ ఊడ్తది. గిది గాలాడక చచ్చినట్టుంది. కరెంట్ పోయిందా?”

“పోలే.”

“నీళ్లు వేడైనయా? నీళ్లు ఎంత వేడైతే దాంట్ల గాలి అంత తక్కువైతది.”

“పొద్దుగాల నేనే చూసిన. హీటర్ ఇరవై తొమ్మిదే చూపెట్టింది.”

“పొద్దుగాల్ది కాదక్కా. నిన్న నీళ్లు మార్చినప్పుడు? చలికాలం కదా, రాత్రంతా ఉంటే ఎంత వేడి నీళ్లయినా సల్లబడ్తయి. కొత్త నీళ్లు ఎవరు కలిపిండ్రు?”

“మామ. చెయ్యి పెట్టి చూస్తడు.”

“చెయ్యి పెట్టా?” అఖిలేష్ నవ్వాడు. “సరే, హనోకు సార్ చెయ్యంటే థర్మామీటర్ కంటె నయం తియ్యి. ఫ్యాక్టరీల పాన్‌మన్ కదా. ఇంకేదో అయింటది.”

రజిని ఫోన్ పెట్టేసింది. అవును. ఆ చెయ్యి తప్పు చేయదు.

చెరకు రసం చిక్కబడి పంచదార గింజ కట్టే పెద్ద పాత్రను ఫ్యాక్టరీలో పాన్ అంటారు. దాని ముందు నిలబడి, మరిగే పాకాన్ని ఒక చుక్క తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీసి, ఇక దించొచ్చు అని చెప్పేవాడు పాన్‌మన్. హనోకు ముప్పై ఏళ్లు ఆ మాట చెప్పాడు. ఆ రెండు వేళ్లు ‘ఊ’ అంటేనే పంచదార దిగేది. ఫ్యాక్టరీ మూతపడ్డాక, శక్కర్‌నగర్ కాలనీలో అందరూ చౌరస్తాలో కూర్చుని పాత సంగతులు చెప్పుకుంటుంటే, హనోకు ఆ వేళ్లను చేపల నీళ్లలో పెట్టాడు. నీళ్లు కలిపే డ్రమ్ముకు కొన్న థర్మామీటర్‌ను మొదటి రోజే పీకి పడేశాడు.

రెండేళ్లుగా రజిని నీళ్లు కలిపితే, చివర్లో వచ్చి వేళ్లు ముంచి ‘ఊ’ అనేవాడు. ఒక్కసారి కూడా ‘ఊహూ’ అనలేదు. తన చెయ్యి కూడా కుదిరిందని రజిని గర్వపడేది.

*

ల్యాబులో పదిన్నరకు ఒక ముసలాయన వచ్చాడు. రెంజల్ వైపు మనిషి. షుగర్ పరీక్ష. రజిని వేలు పట్టుకుని సూదితో గుచ్చింది.

“అబ్బా! జర మెల్లగ బిడ్డా! పానం పోయింది!”

“అయిపోయింది తాతా. గింతే.”

“నీకేం, గింతే అంటవ్. వేలు నాది.”

రజిని నవ్వబోయి ఆగిపోయింది. చేతిలో ముసలాయన వేలు అలాగే ఉంది. దాని మీద ఎర్రటి చుక్క పెద్దదవుతోంది.

హనోకుకు నెలనెలా ఇంట్లో తనే వేలు గుచ్చి చూస్తుంది. మొదట్లో అతనూ ఇలాగే ఎగిరిపడేవాడు. ‘ఫ్యాక్టరీల గింత శక్కర చూస్తిని గని, నా ఒంట్ల ఇంత ఉన్నదని తెల్వకపోయె’ అని నవ్వించేవాడు. మరి పోయిన నెల? గుచ్చింది, చుక్క తీసింది, దూది అద్దింది. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుని, కాసేపటికి అడిగాడు.

‘ఇగ గుచ్చవా?’

అప్పుడు తను ఏమంది? ‘అయిపోయింది మామా’ అంది. అతను వేలు చూసుకుని, ‘చెయ్యి సుతారం నీది’ అన్నాడు. పొగడ్త అనుకుంది.

అంతేకాదు. మొన్న ఆదివారం చర్చి నుంచి ఒక్క చెప్పుతో ఇంటికొచ్చాడు. రెండోది దారిలో ఎక్కడ జారిందో తెలియలేదు. బాలవ్వ కడుపు పట్టుకుని నవ్వింది. రజినీ నవ్వింది. ల్యాబులో రోజూ షుగర్ మనుషులను చూసే రజిని, కాలి నుంచి చెప్పు జారినా తెలియలేదంటే ఏమిటని ఆలోచించకుండా నవ్వింది.

కాళ్లలో స్పర్శ పోయింది. తర్వాత చేతి వేళ్లలో పోయింది.

రెండేళ్లుగా అతను అన్న ‘ఊ’లలో ఎన్ని నిజం ‘ఊ’లో! నీళ్లు తను కలిపింది కాబట్టి సరిపోయాయి. నిన్న తను బకెట్ ముట్టుకోలేదు. నిన్న ఆ వేళ్లు ఒంటరిగా కలిపాయి.

“బిడ్డా, వేలు ఇడుస్తవా?” అన్నాడు ముసలాయన.

గోడ గడియారం పదకొండు చూపిస్తోంది. ఐదింటికి చిన్న తొట్టి. పొద్దున్నే సర్ఫు పోశావా అని అడిగిన ఇంటికి ఈ మాట ఫోన్‌లో ఎలా చెప్పాలి?

*

ల్యాబులో సెలవు దొరికేసరికి మూడు దాటింది. బోధన్‌లో బస్సు దిగి శక్కర్‌నగర్ చేరేసరికి ఐదుకు పది నిమిషాలు. పక్కింటి భోజన్న అరుగు మీద కూర్చుని ఉల్లాకు తుంచుతున్నాడు. హనోకుతో పాటు ఫ్యాక్టరీలో పనిచేసి, ఇప్పుడు బర్రెలు సాకుతున్నవాడు.

“ఏమమ్మా, చేపలకు కర్మకాండ ఎప్పుడు?” అన్నాడు. “మీ మామ పొద్దటి సంది నాతోటి మాట్లాడ్తలేడు. చేపలకు దినాం కైమ పెడ్తడు, దోస్తుకు ఒక్కనాడన్న పెట్టిండా అంటే కొట్టొస్తున్నడు.”

“భోజన్న మామా, నిన్న మాపటికి నువ్వు ఇంట్లకు వచ్చినవా?”

“వచ్చిన. మీ మామ వసారల నీళ్లు కలుపుతుండె. నేను చేతులు కడుగుదామని మగ్గు ముంచిన.” భోజన్న వేళ్లు దులిపి చూపించాడు. “అరె, సుర్రుమన్నది. ఏందన్నా, చాయ్ పెడ్తున్నవా అన్న. ‘నీది పాలు పిండే చెయ్యి, నీకేం తెలుస్తది, పో’ అన్నడు. ఆయన చెయ్యి పెట్టి మంచిగ కలుపుతుండె. నా చెయ్యే సుకుమారం అనుకున్న.”

రజిని చెప్పులు అక్కడే వదిలి ఇంటి వైపు పరుగెత్తినట్టే నడిచింది.

వసారాలో నీలం డ్రమ్ము. హనోకు గంజెడు వేడినీళ్లు అందులో వంచుతున్నాడు. తెడ్డుతో కలిపాడు. కుడిచెయ్యి మణికట్టు దాకా ముంచి కళ్లు మూసుకున్నాడు. పాన్ ముందు అలాగే నిలబడేవాడట.

“ఊ,” అన్నాడు.

కళ్లు తెరిచి కోడలిని చూశాడు. తడి చెయ్యి లుంగీకి తుడుచుకుని, పైపు తేవడానికి పెరట్లోకి వెళ్లాడు. ఆ చెయ్యి మణికట్టు దగ్గర గీత గీసినట్టు ఎర్రగా ఉంది.

రజిని డ్రమ్ములో వేళ్లు పెట్టింది. వెంటనే లాక్కుంది.

చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ‘మామా, నీ చేపలను నేను చంపలే, నీ చెయ్యి చంపింది’. ఒక్క మాట. తన పేరు నిలుస్తుంది. ఆ తర్వాత ఆయన ఆ చెయ్యిని ఎక్కడ పెట్టుకుంటాడు?

చెప్పకపోతే ఐదు నిమిషాల్లో పిల్లలు ఉడుకుతాయి.

మూలన క్యానులో చల్లటి నీళ్లున్నాయి. మగ్గు తీసుకుంది. ఒకటి పోసింది. రెండు. వేలు పెట్టింది. ఇంకా కాలుతోంది. మూడో మగ్గు పోసింది.

“ఏం పోస్తున్నవే అండ్ల!”

బాలవ్వ గడపలో నిలబడి ఉంది. ఆ కేకకు హనోకు పైపుతో సహా వచ్చాడు. అప్పుడే మిల్లు నుంచి వచ్చిన రాజ్ కిరణ్ బండికి స్టాండ్ కూడా వేయకుండా గేటు దగ్గరే ఆగిపోయాడు.

ముగ్గురూ చూస్తుండగా రజిని డ్రమ్ము పక్కన మగ్గుతో నిలబడింది.

“సల్ల నీళ్లు,” అంది.

“ఎందుకు?” అన్నాడు హనోకు.

రజిని మగ్గును డ్రమ్ము అంచున పెట్టింది.

“నేను సూసిన. సరిగ్గ ఉండె. సరిగ్గ ఉన్న నీళ్లల్ల మళ్ల ఎందుకు పోసినవ్? సెప్పు.”

రజిని అతని మణికట్టు మీది ఎర్రటి గీతనే చూస్తోంది.

“అడుగుతున్నది నిన్నే, రజినీ!” రాజ్ కిరణ్ గేటు దగ్గర నుంచే అన్నాడు. “ఒక్క మాట చెప్పరాదు?”

“ఏం సెప్తది? దొరికినంక ఏం సెప్తది?” బాలవ్వ విసురుగా వచ్చింది. “ఏం పోసిందో నేను సూస్త.” కొంగు బిగించి చెయ్యి డ్రమ్ములో పెట్టింది.

హనోకు కూడా అప్పుడే చెయ్యి ముంచాడు. “ఏం తేడా లేదే,” అంటున్నాడు. “నీళ్లు మంచిగనే...”

బాలవ్వ చెయ్యి విసురుగా బయటికొచ్చింది. గొంతులోంచి వచ్చిన కేకను పళ్ల మధ్యనే నొక్కేసింది. వేళ్లు కొంగులో దాచుకుంది. ఆమె చూపు భర్త చెయ్యి మీద పడింది. అది ఇంకా నీళ్లలోనే ఉంది. ముఖంలో ఏ మార్పూ లేకుండా వేళ్లను అటూ ఇటూ ఆడిస్తూ, నీళ్లలో ఏముందో వెతుకుతున్నాడు.

బాలవ్వ తల తిప్పి రజిని వైపు చూసింది. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషికి ఎంతో చెప్పనక్కర్లేదు. ఒక్క క్షణంలో అంతా తెలిసిపోయిందని రజినికి అర్థమైంది. హమ్మయ్య అనుకుంది. ఇక అత్తే చెబుతుంది.

“సబ్బు!” అని అరిచింది బాలవ్వ. “సబ్బు వాసన! గీ నీళ్లు పనికిరావు!”

భుజం ఆనించి డ్రమ్మును వాకిట్లోకి తోసేసింది. నీళ్లు మట్టిలోకి పరుగెత్తాయి. పైన పల్చటి ఆవిరి లేచి, చలికి వెంటనే కరిగిపోయింది.

“కిరణ్,” అన్నాడు హనోకు చివరికి. అతని గొంతులో కోపం కూడా మిగల్లేదు. “రేపు పొద్దుగాల బండి తియ్యి. మోర్తాడ్‌ల వాళ్ల అవ్వగారింట్ల దించిరా.”

“బాపూ...” అన్నాడు రాజ్ కిరణ్.

ఆ తర్వాతి మాట కోసం రజిని ఎదురుచూసింది. అతను బండి స్టాండ్ వేశాడు.

*

సంచిలో నాలుగు చీరలు పెట్టింది. ఐదోది మడతపెడుతుంటే బాలవ్వ గదిలోకి వచ్చి మంచం అంచున కూర్చుంది. కొంగులోంచి చెయ్యి తీయలేదు.

రజిని సొరుగులోంచి కాలిన గాయాల మందు తీసింది. అత్త చెయ్యి బయటికి లాగింది. నాలుగు వేళ్లూ ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. ఒక్కొక్క వేలికీ తెల్లటి మందు మెల్లగా రాసింది. మందు రాసిన ప్రతిసారీ బాలవ్వ ఉలిక్కిపడింది. ఇద్దరూ ఆ ఉలికిపాటు చూసి తలలు వంచుకున్నారు.

“ఎప్పటి సంది?” అంది బాలవ్వ గొంతు తగ్గించి.

“నాకు ఇయ్యాల్నే తెల్సిందత్తమ్మా. ల్యాబ్‌ల.”

“మరి మమ్మల్ని చూసుకుంట ఎందుకు నోరు మూసుకున్నవ్?”

“నువ్వెందుకు సబ్బన్నవ్?”

బాలవ్వ గోడ వైపు తిరిగింది.

“ఫ్యాక్టరీ పోయిన నాడు గూడ మీ మామ ఏడ్వలే,” అంది. “ఇంటికొచ్చి చెయ్యి చూపెట్టిండు. గిది నాతోటే ఉన్నది కదనే అన్నడు. ఇప్పుడు గది గూడ పోయిందని నేను చెప్పనా? నా నోటితోటి?”

“మరి నా పేరు?”

“నీకు వయసున్నది బిడ్డా. పేరు మళ్ల వస్తది.”

రజినికి నవ్వొచ్చింది. ఏడుపు వచ్చే శక్తి లేనప్పుడు వచ్చే నవ్వు. ట్యూబు మూత వేళ్ల మధ్య తిప్పుతూ ఉండిపోయింది.

“సరే,” అంది. “నేను రేపు మోర్తాడ్‌ల ఉంట. పొద్దుగాల ఆ పిల్లలకు నీళ్లు ఎవరు కలుపుతరు? నువ్వు దినాం డ్రమ్ము గుంజి పడేస్తవా? ఎన్ని దినాలు సబ్బంటవ్? ఎవరి మీద చెప్తవ్?”

బాలవ్వ మందు రాసిన వేళ్లను మళ్లీ కొంగులో చుట్టుకుంది.

తలుపు దగ్గర నీడ పడింది.

హనోకు నిలబడి ఉన్నాడు. ఎడమచేతిలో మగ్గు. కోడలి వైపు చూడలేదు. భార్యనే చూస్తున్నాడు.

“సబ్బు వాసన అన్నవ్,” అన్నాడు.

“అన్న,” అంది బాలవ్వ.

“డ్రమ్ము అడుగున ఇన్ని నీళ్లు మిగిలినయి.” మగ్గు ముక్కు దగ్గరికి తీసుకున్నాడు. “మూడుసార్లు సూసిన. సబ్బు లేదు, సర్ఫు లేదు, ఏం లేదు. నా ముక్కు మంచిగనే ఉన్నది బాలవ్వా. అబద్ధం ఎందుకు ఆడినవ్?”

బాలవ్వ వేళ్లను కొంగులోకి ఇంకా లోపలికి లాక్కుంది.

“చెయ్యెందుకు దాస్తున్నవ్?”

గదిలో మందు వాసన పరుచుకుంటోంది. అతను ఆ వాసనను కూడా పట్టాడు. చూపు కొంగు మీది నుంచి రజిని చేతిలోని ట్యూబు మీదికి మారింది. అక్కడి నుంచి మెల్లగా తన సొంత కుడిచేతి మీదికి దిగింది. దాన్ని కాసేపు ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

“నేను గూడ ఆ నీళ్లల్లనే పెడ్తిని కద,” అన్నాడు. “నువ్వు పెట్టినప్పుడే.”

బాలవ్వ తల అడ్డంగా ఊపింది. అతనికి కాదు, రజినికి. వద్దని.

రజిని మంచం మీది బట్టల సంచిని పక్కకు జరిపింది. ల్యాబులో రిపోర్టు కాగితం చేతికిచ్చే ముందు ఎంతోమందితో అన్న మాటే అంది.

“కూసో మామా.”

“నిలబడే వింట,” అన్నాడు హనోకు. “సెప్పు.”